ఇనుప ఫలకం పక్కన గొయ్యి

ఫ్రాసియాను మా ఊళ్లో అందరూ పిరికిదనే అంటారు. నేనూ అన్నాను. ముఖం మీదే అన్నాను, ఇప్పుడు దాచుకోవడం దేనికి.

మా బడి గేటు పక్కన ఇనుప ఫలకం ఒకటి ఉంది. యుద్ధంలో మా లూజోన్ దీవిని ఆక్రమించిన జపాను సైన్యం ఆ బడినే తన ప్రధాన స్థావరం చేసుకుందనీ, ఊరివాళ్లను లోపలికి తీసుకెళ్లి చంపిందనీ దాని మీద రాసి ఉంటుంది. ఫ్రాసియా నాన్న కూడా ఆ గేటు లోపలికి వెళ్లినవాడే. బయటికి రాలేదు. అప్పటికి ఫ్రాసియాకు నాలుగేళ్లు, తమ్ముడు ఇరినియో ఇంకా తల్లి కడుపులో ఉన్నాడు. పెద్దయ్యాక ఫ్రాసియా ఆ ఫలకం చుట్టూ ఊడ్చే పనిలోనే చేరింది. చీపురు ఆనించే ముందు ఆ నేల మీద తిరిగే కనబడని ఆత్మలకు చెప్పుకునేది: "కాస్త పక్కకి జరగండి బాబూ, దుమ్ము పడుతుంది." మేమందరం చెప్పేవాళ్లమే. కానీ ఫ్రాసియా చెప్పి, వాళ్లు జరిగేదాకా చీపురు పట్టుకుని నిలబడేది. గేటు ఎదురుగా బియ్యప్పిండి అట్లు అమ్ముకునే నాకు అది చూసి ఒళ్లు మండేది.

ఇరినియో వేరే రకం. జపాను వాళ్లు పారిపోతూ బంగారం పాతిపెట్టారని మా దీవిలో సగం మంది మగాళ్లు గునపాలు పట్టుకు తిరుగుతారు. వీడికి ఆ ఫలకమే ఆనవాలు. "ఊరికే అక్కడ ఇనుము పాతుతారా అక్కా? కింద ఏదో ఉండబట్టే" అనేవాడు. వాళ్ల ఇల్లు బడి గోడను ఆనుకునే ఉంది. పెరట్లో గొయ్యి తీసి, గోడ కిందుగా ఫలకం వైపు తవ్వుకుంటూ పోయాడు.

వాడు తవ్విన మూడు నెలలూ ఫ్రాసియాకు అన్నం సహించలేదు. "నాన్నని మింగింది చాలదా వదినా, వీణ్ణి కూడా లాక్కుంటుంది ఆ నేల" అని నాతో అనేది. ఊరి వరసకు నేను దానికి వదినని.

"నీ భయం పాడుగాను. పడుకో పో" అన్నాను నేను.

ఒక మంగళవారం పొద్దున, బడిలో పిల్లలు ఎక్కాలు చదువుతున్న వేళ, ఇరినియో మమ్మల్ని పిలిచాడు. గోతిలో మనిషంత పొడుగు ఇనుప దిమ్మ, తుప్పు పట్టి ఉంది. ఒక కొస గుండ్రంగా ఉంది, ఇంకో కొసన విరిగిన రేకులు. దొంగల కంట పడకుండా బంగారానికి పైన ఇనుము కప్పారని మా వాళ్ల నమ్మకం. అందుకే వాడు రంపం పెట్టి కోస్తున్నాడు. నాకూ ఓ ముక్క ఇవ్వకపోతాడా అనుకున్నాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

"ఒరేయ్, అది బాంబురా" అంది ఫ్రాసియా.

"వచ్చిందమ్మా సేనాపతి. బాంబయితే నలభై ఏళ్లు ఊరుకుంటుందా? వెళ్లి నీ దయ్యాల్ని పక్కకి జరుపుకో."

నేను నవ్వాను. రంపం మళ్లీ కదిలింది.

ఫ్రాసియా నిచ్చెన దిగింది. వెళ్లి రంపం గాటు మీద బోర్లా పడి, ఆ ఇనుమును రెండు చేతులా వాటేసుకుంది.

"లే అక్కా. చెబితే వినవా?"

ఫ్రాసియా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. పావడా తడిసి, ఆ తడి ఇనుము మీదుగా కారి వాడి పాదాల దాకా వచ్చింది. ఇరినియో కిందికి చూసుకున్నాడు.

"సరే అక్కా. కొయ్యను. నీ మీద ఒట్టు, కొయ్యను" అని రంపం కింద పెట్టి, అక్కను వీపున వేసుకుని పైకి తెచ్చాడు.

కబురు అంది, మధ్యాహ్నానికి మా దేశ సైన్యం వాళ్లు వచ్చి బడినీ వీధినీ ఖాళీ చేయించారు. వాళ్ల అధికారి గోతిలోకి దిగి, చెమటలు కక్కుతూ పైకొచ్చాడు.

"ఇంకాస్త కోసుంటే ఈ బడి ఉండేది కాదు, పిల్లలూ ఉండేవాళ్లు కాదు. ఎవరు ఆపారు?" అని గట్టిగా అడిగాడు.

ఫ్రాసియా చప్పున నా వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నేనని చెప్పకు వదినా, తిడతాడు" అంది.