బిందెడు నీళ్ల పరువు

"నలభై రోజులు ఓపిక పట్టమ్మా, ఆ తర్వాత అన్నీ ఎక్కడివక్కడ సర్దుకుంటాయి."

మా బుడ్డోడు పుట్టిన రోజు డాక్టరమ్మ నా బుగ్గ తట్టి మరీ ఇచ్చిన హామీ ఇది. ఎవరు ఏ హామీ ఇచ్చినా నిలదీసే దాన్ని, ఈ ఒక్కదాన్ని మాత్రం గుడ్డిగా నమ్మాను. బుడ్డోడికిప్పుడు ఎనిమిదో నెల. వాడు బోర్లా పడ్డాడు, పాకుతున్నాడు, మా ఆయన చెప్పులు నములుతున్నాడు. నా కింద సంగతి మాత్రం సర్దుకోలేదు. దగ్గితే చుక్క. నవ్వితే నాలుగు చుక్కలు. ఇక తుమ్మితే... ఆగండి, ఆ తుమ్ము గురించి చెప్పడానికే కూర్చున్నా. మొన్న ఆదివారం మిరప కల్లంలో నేను చేసిన నిర్వాకం వినే ముందు టీ కప్పులు కింద పెట్టేయండి. మీ బట్టలకే మంచిది.

కాలేజీ రోజుల నుంచి నరసరావుపేటలో ఏ ధర్నా జరిగినా చేతిమైకు నా దగ్గరే ఉండేదని మీకు తెలుసు. "మౌనమే మొదటి సంకెల" అని గోడల మీద నా చేత్తోనే రాశాను. అంత రాసిన దాన్ని, ఈ సంగతి ఒక్క మనిషికి చెప్పలేదు! గుంటూరులో ఆడవాళ్లకు ఫిజియోథెరపీ చేసే మేడమ్ ఉందంటే వెళ్లి, "నాక్కాదు మేడమ్, మా ఫ్రెండుకి" అన్నాను. ఆవిడ నవ్వకుండా, "సరే, మీ ఫ్రెండుని ఈ మంచం మీద పడుకోమనండి" అంది.

పడుకున్నాను. విషయం చానా సింపుల్. మూత్రసంచినీ గర్భసంచినీ కింద నుంచి ఉయ్యాలలాగా మోసే కండరాలుంటాయి. కాన్పులో అవి సాగిపోతాయి. వాటిని మూత్రం ఆపుకున్నట్టు లోపలికి, పైకి బిగించాలి. మళ్లీ పూర్తిగా వదలాలి. ఊపిరి బిగపట్టకూడదు. రోజూ చెయ్యాలి, కొన్ని నెలల పాటు. తుమ్ము వచ్చేట్టుంటే ముందు బిగించాలి, తర్వాతే తుమ్మాలి. మా అత్తమ్మ నా నడుముకు బిగించిన పాత చీర వల్ల ఇది తగ్గదు.

ఇంటికొచ్చి మా ఆయన డేవిడ్‌కి చెప్పాను. "రోజూ పది నిమిషాలు పిల్లోణ్ణి నేను పట్టుకుంటా, నువ్వు చేసుకో" అన్నాడు. ఎంత ప్రగతిశీలం! మొదటి రోజు పట్టుకున్నాడు. రెండో రోజు, "ఒక్క నిమిషం వీణ్ణి పట్టుకో, ఫోనొచ్చింది" అన్నాడు. ఆ నిమిషం ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

ఈలోగా మా మహిళా సంఘంలో ఒక కుట్ర. "చంటిపిల్ల తల్లివి, ఇంకొన్నాళ్లు రెస్టు తీసుకో. మైకు ఇంకొకళ్లకి ఇద్దాం" అన్నారు. ఎంత ప్రేమగా పక్కన పెడతారో చూడండి! "ఒక్క మీటింగ్ ఇవ్వండి, తర్వాత మాట్లాడదాం" అన్నాను. ఇచ్చారు. అది చెడితే మైకు పోయినట్టే.

ఆ మీటింగే పక్క ఊళ్లో కోటేశ్వరరావు బాబాయ్ మిరప కల్లంలో. ఆడకూలీలు తెల్లారేసరికి వచ్చి రంగు పోయిన తాలుకాయలు ఏరుతుంటారు. అక్కడ మరుగుదొడ్డి లేదు. మొన్నటిదాకా పక్కనున్న కంది చేను చాటుండేది. కంది కోసేశారు, చాటు పోయింది. దాంతో ఆడాళ్లు పొద్దున్నుంచీ నీళ్లు తాగడం మానేశారు. ఆ ఎండలో, ఆ ఘాటులో! నా రక్తం ఉడికిపోయింది. ముఠాకి పెద్ద మరియమ్మ పిన్ని నాతో, "బాబాయ్ పదింటికొస్తాడు. నువ్వు గట్టిగా అడుగు, మేం నీ వెనక నిలబడతాం" అంది.

తెల్ల చుడీదార్ వేసుకున్నాను. ఎందుకో అడక్కండి. శాంతియుత పోరాటం అనుకున్నా.

ట్రాక్టరు ట్రక్కెక్కి మైకు ఆన్ చేసి చూస్తే, ఎదురుగా ఒక్క మొహం లేదు. చీరల మీద మగాళ్ల ఫుల్‌చేతుల చొక్కాలు, ముక్కూ నోరూ మూసి కట్టిన తువ్వాళ్లు, మధ్యలో కళ్లు. నేనేం చెయ్యాలి? నోరు మూసుకుని కిందున్న జనం, పైన నేను. ఇంతకంటే మంచి సందర్భం ఏ వక్తకి దొరుకుతుంది?

"అక్కల్లారా! నోటికి గుడ్డ కట్టుకుని హక్కులు అడుగుతామా? విప్పండి! ముందు ఆ గుడ్డలు విప్పండి!"

"అమ్మాయ్, అది..." అంది మరియమ్మ పిన్ని.

"భయపడకండి పిన్నీ!"

"భయం కాదే, గాలి..."

"గాలి మనవైపే ఉంది!" అని గర్జించాను.

నిజమే, మనవైపే ఉంది. వెనక మగాళ్లు టిక్కీల్లో కాయలు వేసి కాళ్లతో తొక్కుతున్నారు. ఆ గోతాల్లోంచి లేచిన ఎర్రటి దుమ్మంతా గాలి తీసుకొచ్చి నా విప్లవం మీద పోసింది. పాపం, నా మాట మీద గౌరవంతో సగం మంది తువ్వాళ్లు విప్పేశారు కూడా.

మొదలైంది తుమ్ముల దండకం! అప్పుడు చూశాను నేను. ప్రతి తుమ్ముకీ ముందు ఒకావిడ కాలు మీద కాలు మెలేసింది. ఒకావిడ టక్కున గొంతుక్కూర్చుంది. ఇంకో ఇద్దరు ఒకరి భుజం ఒకరు పట్టుకుని ముందుకు వంగారు. కల్లం ఈ చివర నుంచి ఆ చివరిదాకా అదే కవాతు! "వీళ్లకి కూడానా? ఇంతమందికా?" అని నా బుర్రలో లైటు వెలిగింది. ఆ లైటు చూసుకుంటూ, ముందు బిగించాలన్న సంగతే మర్చిపోయాను.

తుమ్మాను. మైకులోనే.

ఆ తుమ్ము విని ఊళ్లో కుక్కలు మొరిగాయి. నాకు మాత్రం ఇంకేమీ వినపడలేదు. రెండు కాళ్లమ్మటా వెచ్చగా ఏదో దిగుతోంది. చుక్కలు కాదండీ, కాలవ వదిలినట్టు! తెల్ల చుడీదార్! ట్రక్కు మీద, జనానికి సరిగ్గా కళ్లెత్తున! అంతలోనే ఫట్‌ఫట్‌మని బుల్లెట్టు చప్పుడు. బాబాయ్ వచ్చేశాడు.

మరియమ్మ పిన్ని ఒక్క క్షణం నావైపు చూసింది. అంతే. "అయ్యో, పిల్లకి ఘాటెక్కిందే! నీళ్లు, నీళ్లు!" అని అరుస్తూ, మంచినీళ్ల బిందె ఎత్తుకుని ట్రక్కెక్కి నా నెత్తిన కుమ్మరించింది. "నోరు మూసుకుని తడువు" అని చెవిలో చెప్పింది.

"ఏంది మరియమ్మా, ఆదివారమని ఇక్కడే బాప్తిస్మాలిస్తున్నారా?" అన్నాడు బాబాయ్ బండి దిగకుండానే.

నేను పళ్లు కొరుక్కుంటూ దొడ్డి సంగతి అడిగాను. ఆయన నవ్వాడు. "దాని కోసం ఇంత మీటింగా అమ్మాయ్? నీళ్లు కాస్త తక్కువ తాగితే పోయేదానికి!"

అక్కడే నోరు మూసుకుంటే ఈ కథ మీకు చెప్పే పనే ఉండేది కాదు. బిందెడు నీళ్ల చాటున నా పరువు భద్రంగా ఉంది. కానీ "తక్కువ తాగితే" అన్న మాట నా నెత్తికెక్కింది. మైకు నొక్కాను.

"బాబాయ్! ఇవి నీళ్లు కాదు!"

టిక్కీ తొక్కే మగాళ్లు కాలెత్తినోళ్లు ఎత్తినట్టే ఆగిపోయారు.

"అంటే... పైన పోసినవి నీళ్లే. కిందవి నావి. కాన్పు తర్వాత కండరాలు వదులై, తుమ్మితే ఆగడం లేదు. నీళ్లు మానేస్తే ఇంకా మంట! రోగం దాచుకోవాలా మేము? దొడ్డి కావాలి బాబాయ్!"

మరియమ్మ పిన్ని నెత్తి కొట్టుకుంది. "ఏమే! తాగే నీళ్లే అవి! నీ పరువు నిలబెడదామని బిందె బిందె పోస్తే, మైకులో చెప్పుకుంటావటే?"

గుంపులోంచి సుగుణ అనే చంటిపిల్లాడి తల్లి చెయ్యెత్తింది, బళ్లో ఎత్తినట్టు. "నాక్కూడా అక్కా. చంటోడు పుట్టినకాడ్నుంచి."

వెనక నుంచి ఒక పెద్దావిడ, "నాకు మూడోదాని కాన్పు నుంచి. దానికి పెళ్లి కూడా అయింది" అంది.

"నోర్ముయ్యండే, మగాళ్లున్నారు!" అని మరియమ్మ పిన్ని కసిరింది. కొంచెం ఆగి, గొంతు తగ్గించి, "నాక్కూడా అనుకో" అంది.

బాబాయ్ పెట్రోల్ ట్యాంకు మూత కేసి దీక్షగా చూస్తున్నాడు. వదిలిపెడతానా?

"బాబాయ్, శివరాత్రి తిరునాళ్లకి మీ ఊరి ప్రభ ఈసారి ఎంతెత్తు కడుతున్నారు?"

ఆయన మొహం వెలిగిపోయింది. "పోయినేటి కంటే పెద్దది! కొండ కింద మన లైటింగే లైటింగు!"

"కోటప్పకొండ దాకా కనపడేంత ఎత్తున వెదుర్లు నిలబెట్టగలరు. ఆడాళ్లకి మనిషెత్తు తడిక నిలబెట్టలేరా?"

అందరూ ఘొల్లుమన్నారు. నవ్వితే ఏమవుతుందో తెలుసు కాబట్టి, కాళ్లు మెలేసుకుని మరీ నవ్వారు. బాబాయ్ బండి కిక్కు కొడుతూ, "తిరునాళ్ల హడావిడమ్మాయ్, అది కానీ, తర్వాత చూద్దాం" అని గొణిగి వెళ్లిపోయాడు. తర్వాత! ఈ దేశంలో ఆడాళ్ల పనులన్నీ ఉండేది ఆ పేరున్న ఊళ్లోనే.

నన్ను మాత్రం వాళ్లు కదలనివ్వలేదు. గుంటూరు మేడమ్ దగ్గరికి వెళ్లొచ్చానని నోరుజారాను. "గుంటూరులో ఏందో నేర్పారన్నావుగా, అది చెప్పిపో" అని కూర్చోబెట్టారు. చెప్పాను. తాలుకాయలు ఏరుతూనే అందరూ మొదలుపెట్టారు. కనుబొమలు పైకి, బుగ్గలు లోపలికి, ఊపిరి బంద్.

"మొహం కాదు పిన్నీ, కింద! ఊపిరి వదలండి, ఎవరన్నా పోతారు!"

"కిందే బిగించానే. మొహం దానంతటదే వస్తంది" అంది మరియమ్మ పిన్ని. "దీనికి నువ్వు గుంటూరు దాకా పోయావా?"

రోజూ చేస్తున్నా తగ్గకపోతే, లేదా ఏదో జారుతున్నట్టు బరువుగా ఉంటే, దాచుకోకుండా డాక్టరుకి చూపించుకోవాలని కూడా చెప్పాను. ఉపన్యాసం మొత్తంలో వాళ్లు శ్రద్ధగా విన్నది ఆ ఒక్క ముక్కే.

ఇంటికెళ్తే డేవిడ్ గుమ్మంలో నన్ను ఎగాదిగా చూసి, "ఏంది, వానొచ్చిందా?" అన్నాడు.

"కొంత" అన్నాను. అత్తమ్మ ఒళ్లో ఉన్న బుడ్డోణ్ణి తెచ్చి ఆయన చేతుల్లో పెట్టి, "ఒక్క నిమిషం పట్టుకో" అని చాప పరుచుకున్నాను. ఆ నిమిషం ఎంతసేపో ఈసారి నేను నిర్ణయిస్తా.

మైకు సంగతా? అది నా దగ్గరే ఉండనిచ్చారు. నా పోరాట పటిమ చూసి అనుకునేరు! ఆ తుమ్ము తర్వాత దాన్ని నోటి దగ్గర పెట్టుకోవడానికి సంఘంలో ఇంకెవరూ ఒప్పుకోవడం లేదు.

కాబట్టి అదే మైకులో చెబుతున్నా. బాబాయ్, మీ ప్రభ కొండకి కదిలేలోపు కల్లంలో తడిక లేవాలి. లేవకపోతే మేమంతా ఆ ప్రభ ముందుకే వస్తాం, గుప్పెడు మిరప్పొడి పట్టుకుని, వరసగా నిలబడి తుమ్ముతాం. డాక్టరమ్మా, మీ నలభై రోజుల లెక్క ఎక్కడ తప్పిందో మీరూ చెప్పాలి. సమాధానానికి గడువు మహాశివరాత్రి. అంతకు మించి ఆపుకోవడం నా వల్ల కాదు.