కోఠీ స్తంభం మీద ఎర్రచెయ్యి

మూసీ అవతల తెల్లదొర ఉండే కోఠీకి మా నాయన ఏటా సున్నం వేసేవాడు. ముందు రెండు రాతి సింహాలు, వాటి నడుమ వెడల్పాటి మెట్లు, పైన తాటిచెట్లంత స్తంభాలు. అవి రాయి కావు, లోపల ఇటుకే. పైనున్న నునుపంతా సున్నానిదేనని నాయనకు గర్వం. దాన్ని మొదట కట్టించిన దొర ఒక బేగంను పెళ్ళాడాడట. ఘోషా దాటి ముందువైపుకు రాలేని ఆమెకు చూపడానికి, ఆ మేడనే బొమ్మంత చేసి వెనక తోటలో కట్టించాడట. ఆ బొమ్మ ఇల్లు చూడాలని అమ్మకు మహా ఆశ.

ఇది పందొమ్మిది వందల ముప్పైల చివరి సంగతి. నేను చిన్నపిల్లను. మర్నాడు కోఠీలో విందు. నాయన తిండికి ఇంటికి రాకపోతే అమ్మ నన్ను వెంటబెట్టుకుని సద్ది తీసుకెళ్ళింది. తెలిసిన చౌకీదారు లోపలికి వదిలాడు.

అమ్మ బేగంబజార్‌లో ఒక సేటు దగ్గర పసుపు దంచేది. సబ్బు దండగని చేతులు ఉత్తనీళ్ళతోనే కడిగేది, అవి ఎప్పుడూ పచ్చగానే ఉండేవి. మెట్లెక్కిన ఆయాసంలో, అప్పుడే సున్నం వేసిన స్తంభాన్ని పట్టుకుంది. చెయ్యి తీస్తే అయిదు వేళ్ళూ అచ్చుపడ్డాయి. పచ్చి సున్నం తగిలిన పసుపు చూస్తుండగానే నెత్తురులా ఎర్రనైంది.

నాయన మరో పూత వేశాడు. అదీ ఎరుపెక్కింది. ఇంతలో కోఠీ పనివాళ్ళ మీద పెత్తనం చేసే దారోగా రానే వచ్చాడు.

"యే కిస్‌కా హాథ్ హై? రేపు దావత్ ఉంటే రక్తం పూసిందెవడు?"

"రక్తం కాదు సాబ్, పసుపు. చెయ్యి నాదే," అన్నాడు నాయన.

"ఏదీ, చూపెట్టు."

నాయన చెయ్యి సున్నంతో తెల్లగా ఉంది. ఆ అచ్చు కంటే చాలా పెద్దది కూడా. అమ్మ తన చెయ్యి కొంగులో దాచుకుంది.

"అబద్ధం గూడ ఆడుతున్నవా? జవాన్లను పిలుస్త!"

అప్పుడు అమ్మ ముందుకొచ్చి ఎర్రబడ్డ అరచెయ్యి చాపింది.

"ఆయననేమనకు సాబ్. తెల్వక పట్టుకున్న."

"రేపటిసంది నీ మొగుడు గీ గేటు తొక్కొద్దు."

మచ్చకు అడ్డంగా పెద్ద మొక్కల తొట్టి పెట్టించాడు. నాయన కుంచెలు కడుక్కున్నాడు. వస్తూ వస్తూ అమ్మ వెనక తోట వైపు ఒక్కసారి తల తిప్పింది, అంతే.

గేటు బయట గోడనీడలో సద్ది విప్పింది. పని పోయిందని అన్నం పారేస్తామా? ఎంత కడిగినా ఎరుపు వదలని చేత్తోనే ముద్దలు కలిపింది.

"మస్తు పండిందే. నీకింక గోరింటాకు దండగ," అన్నాడు నాయన.

"నవ్వకు. రేపు పనికి యాడ అడుగుతవో అది చెప్పు."

నాయన ముద్ద చేతిలోనే పట్టుకుని స్తంభాల వైపు చూశాడు.

"గా మచ్చ మీద ఎవనితోని ఏపిస్తరో. నా అంత నున్నగ రాదు."