మంగళవారం అని రాసింది నేనే

యాభై ఏళ్లకు పైగా ఒక మనిషి పేరు నా గొంతులో అడ్డం పడి ఉంది. దాంతోనే తిన్నాను, నవ్వాను, పిల్లలకు పాఠాలు చెప్పాను. నా బతుకు బాగానే గడిచింది. ఇది ముందే చెప్పాలి. చేసిన తప్పుకు కుమిలి కుమిలి శిక్ష అనుభవించాననుకుని మీరు నామీద జాలిపడకూడదు. నాకు ఏ శిక్షా పడలేదు.

ఆయన పేరు రాజలింగం. సిద్దిపేటలో హమీద్ చాచా అచ్చు ప్రెస్సులో కంపోజిటర్. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరుసలు పేర్చేవాడు. ఆ చేతుల వేగం చూస్తే వడ్లగింజలు ఏరుకునే పిట్ట గుర్తొచ్చేది.

అది అరవైతొమ్మిది. ప్రత్యేక తెలంగాణ కోసం ఉద్యమం లేచి, కాలేజీలు మూతపడ్డాయి. నేను ఇంట్లో కూర్చున్నాను. చదువు ఆగిన ఆడపిల్లకు ఏం చేస్తారు? సంబంధాలు వెతకడం మొదలుపెట్టారు. హమీద్ చాచా మా బాపుకు దోస్తు. నా తెలుగు బాగుంటుందని, ప్రూఫులు దిద్దడానికి పంపమని ఆయనే బాపును అడిగాడు. బాపు ఎందుకో ఒప్పుకున్నాడు. అలా నాకొక కుర్చీ దొరికింది, ఒక ఎర్ర సిరా కలం దొరికింది. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపు నన్ను ఎవరూ పెళ్లికూతురిలా చూడలేదు.

రాజలింగం గంజాయి తాగేవాడు. ఈ రోజు ఆ మాట వింటే పోలీసులు గుర్తొస్తారు కాని, ఇప్పుడున్న చట్టం అప్పటికి రాలేదు, ఆయన దాచుకున్నదీ లేదు. పని ముగిశాక చేతులకంటిన సిరా కడుక్కుని, ప్రెస్సు వెనక గోడకు ఆనుకుని ఒక్క చిలుం తాగి ఇంటికి పోయేవాడు. పని వేళలో ముట్టగా ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. బాపు ఒకసారి ఈ సంగతి ఎత్తితే హమీద్ చాచా నవ్వాడట. "పని అయినంక ఆయన ఏం తాగుతడో నాకెందుకు? పొద్దుగాల అక్షరం సక్కగ పెడుతుండా లేదా, నాకు గంతే కావాలె."

ఒకరోజు విద్యార్థులు సభకు కరపత్రం తెచ్చారు. పెన్సిలు రాత. మొదట మంగళవారం అని రాసి, కొట్టేసి, పైన గురువారం అని ఇరికించారు. చదవరాని కాగితాలను నేను సాపు రాసి ఇస్తే, రాజలింగం దాన్ని చూసి పేర్చేవాడు. అప్పుడు నా ధ్యాస ఎక్కడుంది? బజారులో ఊరేగింపు పోతోంది. అందులో మా క్లాసు అమ్మాయిల గొంతులు వినిపిస్తున్నాయి. కొట్టేసిన మాటనే సాపు రాశాను. ప్రూఫు వస్తే విద్యార్థుల కాగితంతో పోల్చలేదు, నా రాతతోనే పోల్చాను. రెండూ సరిపోయాయి. సంతకం పెట్టి ఊరేగింపు చూడటానికి పరుగెత్తాను.

అచ్చయిన కట్టలను ఎవరూ విప్పి చూడకుండానే ఊళ్లకు పంచేశారు. మంగళవారం జనం వచ్చారు. చిన్నకోడూరు వైపు నుంచి నడిచి, చేర్యాల వైపు నుంచి బస్సుల్లో. మైదానంలో మైకు లేదు, మనిషి లేడు. ఎండలో కూర్చుని, తెచ్చుకున్న సద్ది తిని, తిట్టుకుంటూ తిరిగిపోయారు. మధ్యాహ్నానికి విద్యార్థులు ప్రెస్సు ముందు గుమికూడారు. ఉద్యమాన్ని దెబ్బతీయడానికే చాచా కావాలని ఇలా చేశాడని, ప్రెస్సు తగలబెడతామని అరుస్తున్నారు.

అప్పటికే నేను సాపు కాగితాన్ని, సంతకం పెట్టిన ప్రూఫును, పాత కాగితాలు గుచ్చే తీగ నుంచి లాగి జాకెట్లో దోపుకున్నాను.

చాచా లోపలికి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది.

"బేటా, నువ్వేం రాసిచ్చినవ్?"

"గురువారమనే రాసిన చాచా. ప్రూఫుల మంగళవారమని వస్తె దిద్దిచ్చిన గూడ. రాజలింగన్ననే మార్చలే."

అక్కడితో ఆగి ఉండొచ్చు. ఎవరూ అడగకుండానే ఇంకో మాట అన్నాను.

"ఆ దినం ఆయన కండ్లు ఎర్రగుండె. తాగొచ్చినట్టుండె."

రాజలింగం చేతిలోని అక్షరాలు కింద పెట్టాడు. "పనిల నేను ఎన్నడు ముట్టలే సాబ్. బిడ్డ రాసిచ్చిన కాగితం తియ్యున్రి, సూద్దాం."

తీగకు గుచ్చిన కాగితాలన్నీ వెతికారు. దొరకలేదు. ఆయన నావైపు చూశాడు. కోపం లేదు. చదవరాని రాతను చూసినట్టు చూశాడు.

"బయట పిలగాండ్లు అగ్గిపెట్టె పట్టుకొని నిలబడ్డరు రాజలింగం," అన్నాడు చాచా. "నేనెవరి పేరు చెప్పాలె?"

ఆయన ఆ రోజు మధ్యాహ్నమే చేతుల సిరా కడుక్కుని వెళ్లిపోయాడు.

గంజాయి తాగేవాడి తప్పు అని చాచా చెప్పగానే విద్యార్థులు నమ్మేశారు. ఇంకో ప్రశ్న వేయలేదు. మర్నాటి నుంచి చాచా మారిపోయాడు. పనివాళ్లు గుమ్మంలో నిలబడి నోరు తెరవాలి. ఆయన వాసన చూసి లోపలికి పంపేవాడు. మిషను నడిపే మల్లయ్య జన్మలో చిలుం ముట్టలేదు. ఆ అవమానం భరించలేక నెల తిరక్కుండానే మానేశాడు. కొత్త కంపోజిటర్ ఏ మత్తూ లేనివాడే, పేజీకి పది తప్పులు చేసేవాడు. నా నోరు మాత్రం ఎవరూ వాసన చూడలేదు.

నేను ఏ మత్తులో ఉండి ఆ మాట అన్నాను? నిప్పంటిస్తారని భయపడ్డానా? ఇల్లు, సంబంధాలు, మూసిన తలుపులు గుర్తొచ్చాయా? రెండూ నిజమే. కాని ఇంకొకటి కూడా ఉంది. ఆయన మీద ఏం చెప్పినా నమ్ముతారని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

తర్వాత కాలేజీ తెరిచారు. చదివాను, టీచరునయ్యాను, నాకు నచ్చిన మనిషినే చేసుకున్నాను. చాలా ఏళ్లకు మా బడి గోడ మీద పేరు రాయడానికి ఒక పెయింటరు వచ్చాడు. రాజలింగం. నెరిసిన జుట్టు, అదే వేగం. నన్ను గుర్తుపట్టి నవ్వాడు. ప్రెస్సులో పని పోయాక రెండేళ్లు కూలికి పోయాడట. తర్వాత గోడల పని దొరికిందట. "ఇదే మంచిగున్నది బిడ్డా, గాలి తాకుతది," అన్నాడు. రాయడం అయ్యాక నిచ్చెన దిగి, "ఒక్కసారి సదువు, తప్పులుంటె చెప్పు," అన్నాడు.

తెలిసే అడిగాడా? నాకు ఇప్పటికీ తెలియదు. ఒక్క తప్పూ లేదన్నాను. టీ తెప్పించాను. ఆయన తాగినంతసేపు పక్కనే కూర్చుని, చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు.

ఆయన రాష్ట్రం రాకముందే పోయాడు. రాష్ట్రం రావడం నేను చూశాను. పింఛనుతో, మనవరాళ్లతో హాయిగా ఉన్నాను. ఈ హాయిలో కొంత ఆయనకు చెందాల్సింది. దాన్ని తిరిగి ఇవ్వలేను. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించడానికి మీరెవరు?

కంపోజిటర్ రాజలింగం ఆ రోజు తాగలేదు. అబద్ధం ఆడింది నేను. రాసేశాను. దిద్దడానికేమీ లేదు.