చాచా దాచిన చిలపలు

మొన్న హనుమకొండలో ఒక సభకు వెళ్లాను. నూలు, రంగు, నేత ఒకదానికొకటి దగ్గరగా ఉండి అందుకుంటూ పోతేనే ఉత్పత్తి పెరుగుతుందని ఒక యువ ఇంజనీరు చెబుతుంటే అందరూ తలలూపారు గాని, నేను తల వంచుకున్నాను. మా కొత్తవాడలో అలాంటి అల్లిక ఒకటి ఉండేది, దాన్ని తెంపినవాణ్ని నేనే.

అప్పుడు నేను జంపఖానాలు నేసేవాళ్ల సంఘంలో కొత్తగా చేరిన స్టోరు గుమాస్తాను. నూలుకు రంగు వేసే చాచా ఇల్లు రెండు సందుల అవతలే కాబట్టి, ఇవాళ ఇచ్చిన నూలు ఎల్లుండికల్లా మగ్గమెక్కేది. కాకపోతే ప్రతి రంగులోనూ ఒక చిలప, అంటే ఒక నూలు కట్ట, తక్కువ వచ్చేది. ఎవరినీ నమ్మకపోవడమే తెలివి అనుకునే రోజులవి. ఒకనాడు చెప్పకుండా వెళ్లి, ఆయన తలుపు వెనుక రంగురంగుల చిలపలు వేలాడుతుంటే చూసి నిలదీశాను. "నీకెరుక లేదు బేటా, మీ చిన్నాయన్నడుగు" అన్నాడాయన. మా చిన్నాయన సంఘంలో పేరున్న నేతగాడు. ఆయన్ను అడగకపోగా, ఆయనకూ ఇందులో వాటా ఉందేమోనని అనుమానించి, పెద్దలకు చెప్పి రంగు పనిని ఎక్కడో దూరాన ఉన్న ఫ్యాక్టరీకి మార్పించాను.

కొన్నాళ్లకు ఒక పెళ్లి మంటపానికి పెద్ద జంపఖానా నేస్తుంటే, ఇంకా మూరెడు ఉందనగా ఎరుపు నూలు అయిపోయింది. పదిరోజులు ఎదురుచూశాక ఫ్యాక్టరీ పంపిన ఎరుపు వేరే ఎరుపు. మగ్గం ముందు ఊరికే కూర్చున్న చిన్నాయన, "నీ అనుమానాన్ని కండెకు చుట్టి నెయ్యమంటవారా? ఒకపారి కాగిన రంగు మల్ల అట్లనే రాదు. మాకు తక్కువ పడ్డప్పుడు ఇద్దామనే ఆయన ఒక్కో చిలప దాస్తుండె" అన్నాడు.

తప్పొప్పుకుందామని అప్పటికప్పుడే చాచా ఇంటికి పరుగెత్తాను. తలుపుకు తాళం, వాకిట్లో రంగు కాగులు బోర్లించి ఉన్నాయి. పని లేక షోలాపూర్ వెళ్లిపోయాడని పక్కింటామె చెప్పింది. "దొంగన్నరంట గదా, మొఖం జూపలేక పోయిండు" అని కూడా అంది, అన్నది నేనేనని తెలియక. ఆయన మళ్లీ రాలేదు. వెతుక్కుంటూ నేనూ వెళ్లలేదు.

ఇప్పుడు మా వాడలో రంగు వేసే ఇల్లు ఒక్కటీ లేదు, రంగు నూలు లారీలో వస్తుంది. అది రాని రోజున మగ్గాల చప్పుడు ఆగిపోతుంది. డ్రైవరు దారిలో ఏదో చేసి ఉంటాడని వాడంతా అనుమానిస్తుంది. నేను మాత్రం అరుగు మీద కూర్చుని ఆ నిశ్శబ్దాన్ని వింటుంటాను.