తల ఊపిన పాపానికి

టీవీలో నాయకులు వాదించుకుంటుంటే మా ఇంట్లో ఎవరూ ఊరికే చూడరు. మా అత్త ఒకరికి శాపనార్థాలు పెడుతుంది, మా ఆయన ఇంకొకరికి సలహాలు ఇస్తాడు, నేను ఇద్దరినీ తిడతాను. "నువ్వు తిడ్తే ఆయనకు ఇనపడ్తదా?" అని మా ఆయన నవ్వుతాడు. వినపడకపోతేనేం, తిట్టిన నోటికైనా సుఖం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని పెద్దమందడి మండలంలో మా చుట్టాలందరికీ తెలుసు. అలాంటి నేను ఎన్నికల ముందు ఒక టీవీ చర్చకు పోయి ఊరిని ముంచానని అందరూ అన్నారు. నేను చేసిందల్లా తల ఊపడమే. తప్పు నాదని ఇప్పటికీ ఒప్పుకోను.

మా చేను కాలువకు చిట్టచివర ఉంది. పై ఊళ్లవాళ్లు పారించుకోగా మిగిలితే మాకు. ఆ యాసంగి పంటకు, అదే రబీకి, మిగలలేదు. పల్లి చేను పూత మీదుంది, ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే సమయం. అప్పుడు తడి అందకపోతే పైకి ఆకు పచ్చగానే కనపడుతుంది, పీకి చూస్తే కాయ ఉండదు. మా గట్టు పక్కనే ఒక ముస్లిం రైతు చేను ఉంది. ఊరంతా ఆయనను భాయ్ అంటారు. నేనూ, భాయ్, ఇంకా కొందరం కాలువ ఇంజినీరు ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాం. పై తూములు కొన్నాళ్లు మూసి నీళ్లు కిందికి వదలమని మేం అడుగుతాం. చూద్దాం చూద్దాం అని ఆయన అంటాడు.

అంతలో వనపర్తిలో ఒక ఫంక్షన్ హాల్లో టీవీవాళ్లు చర్చ పెట్టారు. మహిళా సంఘం నుంచి కొందరిని రమ్మన్నారు. "మైకు మీకే ఇస్తామమ్మా, ఏదైనా అడగొచ్చు" అన్నారు. దారి పొడుగునా నా ప్రశ్నను నోట్లో తిప్పుకుంటూనే పోయాను. మంచి చీర కట్టుకున్నానని ముందు వరుసలో కూర్చోబెట్టారు. టీవీవాళ్ల అమ్మాయి ఒకతి చెయ్యి ఎత్తినప్పుడల్లా చప్పట్లు కొట్టాలట. నేను కొట్టలేదు. నాకు నచ్చిందో లేదో ఆ పిల్లకేం తెలుసు?

కానీ ఊ కొట్టాను. మా ఊళ్లలో ఎవరు మాట్లాడినా ఎదురుగా కూర్చున్నవాళ్లు తల ఊపుతూ ఊ కొట్టాలి. పంచాయితీలో పగవాడు మాట్లాడినా అంతే. ఊ అనకపోతే "ఏందిరా, గోడకు చెప్తున్ననా?" అని లేచిపోతారు. ఊ అంటే ఒప్పుకున్నట్టు కాదు. నీది విన్నాను, ఇక నాది విను అని. అధికారంలో ఉన్న నాయకుడు చెయ్యి ఊపుతూ గొంతు పెంచుతూ చెప్పుకుంటూ పోయాడు. ఎదుటి పార్టీ ఆయన లేచి అరిచాడు. నా వంతు వస్తుంది కదా అని ఇద్దరికీ మర్యాదగా ఊ కొట్టాను. మైకు మా వరుస దాకా రానేలేదు.

సాయంత్రం అందరం టీవీ ముందు కూర్చున్నాం. "చివరి ఎకరం దాక నీళ్లిచ్చినం" అన్నాడు నాయకుడు. ఆ వెంటనే తెర నిండా నా మొహం. బుద్ధిగా తల ఊపుతున్నాను. మా అత్త నావైపు తిరిగి, "మనకు నీళ్లొచ్చినయా? నాకు చెప్పనే లేదు" అంది.

మర్నాటికి ఆ ముక్క ఊళ్లో ప్రతి ఫోనులోకీ ఎక్కింది. భాయ్ పొద్దున్నే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "గిదేంది చెల్లె? నీళ్లొచ్చినయని నువ్వే తల ఊపితివి." ఎంత చెప్పినా ఆయన మొహం తేటపడలేదు. ఇద్దరం ఇంజినీరు దగ్గరికి పోతే ఆయన ఫోను తీసి చూపించాడు. "మీ ఊరామెనే ఒప్పుకున్నది గదా?"

"ఆ ఊరామెను నేనే సారూ. నీళ్లు రాలే."

ఆయన ఫోనులోని నన్నూ, ఎదురుగా ఉన్న నన్నూ మార్చి మార్చి చూశాడు. "టీవీల గట్ల చెప్పి ఈడికొచ్చి గిట్ల చెప్తే ఎట్లమ్మా?" అన్నాడు. ఎదురుగా కూర్చున్న మనిషి కన్నా ఫోనులో బొమ్మ ఎక్కువైపోయింది. ఊళ్లో కొందరు నన్ను చూస్తే చాలు తల ఊపి నవ్వేవాళ్లు. వాళ్లకు గట్టిగా బదులిచ్చాను. భాయ్ మాత్రం నవ్వలేదు. పొలం వైపు రావడమే మానేశాడు. అది నన్ను నిద్రపోనివ్వలేదు.

కొన్నాళ్లకు ఆ టీవీవాళ్లే ఫోను చేశారు. గద్వాలలో మళ్లీ చర్చ ఉందట, ఈసారి లైవు. "మీరు బాగా స్పందిస్తారమ్మా, ముందు వరుసలో కూర్చోవాలి" అన్నారు. మా ఆయన తల పట్టుకున్నాడు. "ఒకపారి ఇజ్జత్ పోయింది చాలదా?"

"పోయినకాడనే ఎతుక్కోవాలె. పోత" అన్నాను.

చివరి చేండ్ల ఆడవాళ్లను వెంటపెట్టుకున్నాను. కొత్తకోట దాటాక బస్సులోనే అందరికీ చెప్పాను. "ఎవ్వరూ తల కదపొద్దు, ఊ అనొద్దు. ఏ పార్టీ ఆయనకైనా సరే." ఒకామె భయపడింది. "మనిషి మాట్లాడుతుంటే ఊ అనకుంటె పాపం తగుల్తదక్కా."

"తగిలితే నాకు తగులుతది తియ్యి."

గద్వాల హాల్లో ఆ నాయకుడే మొదలుపెట్టాడు. మేం బిగుసుకుని కూర్చున్నాం. అది ఎంత కష్టమో నాకు ఆ రోజే తెలిసింది. మెడ దానంతటదే ముందుకు వంగబోయేది. ఆయన మావైపు చూసి గొంతు పెంచాడు. ఒక జోకు వేశాడు. మేం నవ్వలేదు. మంచినీళ్లు తాగి మళ్లీ అందుకున్నాడు, మాట తడబడింది. ఎదుటి పార్టీ ఆయన ముసిముసిగా నవ్వుకున్నాడు కానీ, ఆయన వంతు వచ్చినప్పుడూ మేం అలాగే కూర్చున్నాం. ఆయన నవ్వూ పోయింది.

చివరికి నాయకుడు నన్ను గుర్తుపట్టాడు. "ఏమ్మా, వనపర్తికి గూడ వస్తివి గదా? చెప్పు, నీళ్లొచ్చినయా, లేదా?" అని మైకు ఇప్పించాడు. పోయినసారి లాగే తల ఊపుతాననుకున్నాడు పాపం.

లేచి నిలబడ్డాను. మైకు అందుకున్నాను. "చెప్త సారూ. నేను చెప్తుంటె మీరు ఊ కొట్టాలె." హాలంతా నవ్వింది. ఆయనా నవ్వి, సరే చెప్పమన్నాడు.

"మా ఊరికి కాలువొచ్చింది."

"ఊ" అన్నాడు.

"కాలువల నీళ్లు రాలే."

నాయకుడు నీళ్లు నమిలాడు. "ఊ అనుండ్రి సారూ. ఒప్పుకున్నట్టు గాదు, ఇంటున్నట్టు." ఆయన యాంకరు వైపు చూశాడు. అప్పుడు నా వెనక నుంచి, ముక్కూమొహం తెలియని గద్వాల జనం "ఊ!" అన్నారు.

"మీరు చివరి ఎకరం అన్నరు. ఆ చివరి ఎకరం మాదే."

"ఊ!" ఈసారి హాలు మొత్తం.

"పల్లి ఎండుతున్నది. మీరు నా మొకం జూపిచ్చి మా నీళ్ల మాట మూసేస్తిరి." ఇంకేదో అనబోతుంటే యాంకరు ఆదరాబాదరా విరామం ప్రకటించింది.

ఎవరు ఎవరికి చెప్పారో తెలియదు, ఆ వారమే పై తూములు మూతపడ్డాయి. కాలువలో నీళ్లు మా గట్టు దాకా వచ్చాయి. భాయ్‌ను ఇంటికి పోయి పిలుచుకొచ్చాను. మేం పార పట్టుకునే లోపే నాయకుడి మనిషి ఒకడు కెమెరాతో దిగాడు. "అక్కా, జర నీళ్లల్ల నిలవడి సారుకు దండం పెట్టు. ఒక్క నిమిషమే." ఎద్దు పుండు కాకికి ముద్దు అనుకున్నాను.

భాయ్ గొంతు తగ్గించి, "పెట్టరాదు చెల్లె, మళ్ల బంద్ చేస్తరు" అన్నాడు. ఆయన భయం అబద్ధం కాదు. ఒక్క తడితో పంట చేతికి రాదు, ఇంకా కావాలి. నాకూ లోపల గుబులే. అయినా చేతులు లేవలేదు.

"బంద్ చేస్తె మళ్ల పోయి అడుగుత. దండమే పెట్టాల్నంటె మన సోమశిల రేవుకు పోయి కృష్ణమ్మకు పెడ్త. ఈ నీళ్లు ఆమెయి" అన్నాను.

వాడు ఇంకా కెమెరా దించలేదు. నేను వాడికి వీపు తిప్పి, పార అందుకుని గట్టు మట్టి తోసి మడవ తీశాను. తొలి తడి భాయ్ చేనుకే వదిలాను.