అడగడానికి ఎన్ని మాటలు

అంజవ్వ వేలిముద్ర వేయనంది.

బోధన్‌లో బస్సులు ఆగే చోట, చాయ్ హోటల్ అరుగు మీద బల్ల వేసుకుని ఇంగ్లీషు అర్జీలు రాసే బాపురావుకు ఇలాంటిది ఎన్నడూ ఎదురుకాలేదు. ఇన్నేళ్లూ ఆయన రాసిన కాగితం మీద జనం కిక్కురుమనకుండా వేలిముద్ర వేసి పోయారు. కాగితం అడుగున "చదివి వినిపించాను, ఒప్పుకున్నారు" అని ఒక వరుస రాసి సంతకం చేయడం ఆయన రివాజు. నిజానికి చదివిందీ లేదు, వినిపించిందీ లేదు. బస్సు అందుకోవాల్సిన వాళ్లకు వినే తీరిక ఎక్కడిది? రెంజల్ ఊరి నుంచి వచ్చిన ఈ ముసలామెకే ఉన్నట్టుంది.

"సదువు సారూ. ఏం రాసినవో నాకు ఎర్క గావాలె గద."

విసుక్కుంటూ చదివాడు. అంజవ్వ పెనిమిటి పోయిన ఏడు కాలం చేశాడు. పొలం ఇంకా ఆయన పేరు మీదే ఉండటంతో ఈసారి చక్కెర ఫ్యాక్టరీ నుంచి కోత పర్మిట్ రాలేదు. చుట్టుపక్కల చెరుకంతా బండ్లెక్కి వెళ్లిపోయింది. ఆమె రెండెకరాలు మాత్రం పూత పూసి, రసం ఇంకి బెండుపడుతోంది. ఇంకొన్నాళ్లు ఆగితే పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదు. ఇదంతా ఆమె తలూపుతూ విన్నది. "తమ పాదాలకు మొక్కి బెగ్ చేస్తున్నాను" అన్న చోట తల ఆగిపోయింది.

"బెగ్ అంటే ఏంది?"

"వేడుకునుడు."

"బిచ్చమడిగినట్టా?"

"గట్ల గాదవ్వా. ఆఫీసోళ్లకు గట్లనే రాయాలె."

"నేను బిచ్చమడుగ."

బాపురావుకు ఒళ్లు మండిపోయింది. ఈ మాటల కోసం తాను పడ్డ పాట్లు ఈమెకేం తెలుసు? ఉర్దూలో చదువుకుని, ఉర్దూలో అర్జీలు రాసుకుని హాయిగా బతుకుతున్నవాడు, ఆఫీసుల్లో ఇంగ్లీషు పెరిగేసరికి రోడ్డున పడ్డాడు. నిజామాబాద్ వెళ్లి పాత డిక్షనరీ ఒకటి కొన్నాడు. ఆ రోజుల్లోనే ఒక ఆఫీసులో గుమాస్తా కొలువుకు తానే దరఖాస్తు పెట్టుకున్నాడు. అందులో 'రిక్వెస్ట్' అని రాశాడు. జవాబు రాలేదు. ఎందుకు రాలేదా అని బుర్ర బద్దలు కొట్టుకుని, డిక్షనరీ తిరగేసి తిరగేసి, లోపమంతా ఆ మాటలోనే ఉందని తేల్చుకున్నాడు. తాను సరిపడా వంగలేదు, అంతే.

అప్పటినుంచి ఆయన లెక్క ఆయనకుంది. పోలీసు ఠాణాకూ, చెరుకు ఆఫీసుకూ అయితే బెగ్. కోర్టుకు ప్రే. ఇంట్లో చావు జరిగి ఉంటే ఇంప్లోర్, అంటే ఏడుస్తూ వేడుకోవడం. రిక్వెస్ట్ బడి పంతుళ్లకు చాలు. డిమాండ్ అనే మాట జోలికే పోడు. ఇక ఉత్త ఆస్క్ అంటే పక్కింటివాణ్ణి నిచ్చెన అడిగినట్టు ఉంటుందని, దాన్ని అర్జీ గడప తొక్కనిచ్చేవాడు కాదు.

"సరే తియ్యి. ప్రే రాస్త. ప్రార్థిస్తున్న అని."

"ప్రార్థన దేవునికి జేస్త. ఆఫీసరు దేవుడా?"

"రిక్వెస్ట్ అంట మరి. జర మర్యాదగ బతిమాలుడు."

"నా మనుమడు బువ్వ తినకుంటె బతిమాలుత. నా సెరుకు నేనిస్త, గాళ్లు శక్కెర జేసుకుంటరు. నడుమల బతిమాలుడేంది సారూ? అడుగుతున్న అని రాయి."

"గట్ల రాస్తే నీ కాగితం బయటికి ఇసిరేస్తడు! నీ సెరుకు ఎండుతది, నా బల్ల లేస్తది. ఆఫీసరుకు నా చేతిరాత ఎర్కనే!"

"ఎండితె నా సెరుకే గద ఎండేది. రాయి."

మొండిఘటం! బాపురావు పళ్లు నూరుతూ కొత్త కాగితం తీశాడు. వేడుకోళ్లన్నీ పోయేసరికి అర్జీ నాలుగు ముక్కల్లో అయిపోయింది. అంజవ్వ వేలిముద్ర వేసింది. కాగితం ఆమె చేతికిచ్చి ఊరుకుంటే సరిపోయేది, కానీ భయం ఊరుకోనివ్వలేదు. "ముసలామె సార్, తెలియక రాయించింది, మన్నించండి" అని చెప్పుకుందామని తానూ వెంట బయల్దేరాడు.

చెరుకు ఆఫీసు గుమ్మం దగ్గర బాపురావు చెప్పులు విడిచాడు. అంజవ్వ విడవలేదు.

ఆఫీసరు కాగితం అందుకున్నాడు. ఆయన వేలు పైన ఎక్కడా ఆగకుండా జర్రున కిందికి జారి, సర్వే నంబరు దగ్గర ఆగింది.

"రెండెకరాలా? పూత వచ్చిందా?"

"ఎప్పుడో వచ్చింది. బెండువడుతుంది."

కాగితం మూల 'ఎల్లుండి కోత' అని రాసి సంతకం పెట్టేశాడు. తర్వాత బాపురావు వంక చూశాడు.

"ఏమయ్యా, నీ అర్జీల్లో నంబరు ఎప్పుడూ ఎక్కడో అడుగున దాక్కుని ఉంటుంది. పైన ఏం రాస్తావో ఏమో, నేనైతే ఎన్నడూ చదివింది లేదు. ఇవాళ్టిదే నయం, గబుక్కున కనబడింది."

చెప్పుకుందామనుకున్న క్షమాపణ మరిచి, బాపురావు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకున్నాడు.

బయటికి రాగానే అంజవ్వ ముఖం వెలిగిపోయింది. "సూసినవా సారూ? అడిగితె ఇచ్చిండు."

"అడిగినవని ఇయ్యలేదవ్వా! ఆయన సదవనే లేదు!"

"సదవకుంటేంది, ఇచ్చిండు గద," అంటూ ఆమె కోత మనుషుల్ని మాట్లాడటానికి గబగబా వెళ్లిపోయింది.

బాపురావు ఎండలో నిలబడిపోయాడు. ఇక్కడ చదవనివాళ్లు, తాను కొలువుకు రాసుకున్న ఆఫీసులో మాత్రం చదివారా? తన దరఖాస్తులో రిక్వెస్ట్ ఉన్నా, బెగ్ ఉన్నా, ఏకంగా సాష్టాంగపడి ఉన్నా, ఒక్క కన్ను కూడా ఆ మాట దాకా వచ్చి ఉండదు. అనవసరంగా ఇన్నేళ్లు వంగాడు. తాను వంగింది చాలక, ఊళ్లో వాళ్లందరినీ వంగబెట్టాడు. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

బల్ల దగ్గర జక్రాన్‌పల్లి నుంచి వచ్చిన రామ్‌దాస్ అనే రైతు కాచుకుని ఉన్నాడు. బాపురావును చూడగానే లేచి చేతులు జోడించాడు.

"సారూ, నాది గూడ పర్మిట్ అర్జీనే. జర ఆఫీసరు కాళ్ల మీద పడ్డట్టు రాయుండ్రి."

"ముందు నీ సర్వే నంబరు చెప్పు!" అని బాపురావు కసిరాడు.