కదలకుండా కూర్చోవాలట

ఆన్‌లైన్ పాఠాలు వినాలంటే ఏమేం ఉండాలో యూనివర్సిటీవాళ్ళు మా వదిన ఫోనుకి పంపారు. తెగని ఇంటర్నెట్టు, కొత్త బ్రౌజరు, మైకున్న ఇయర్‌ఫోన్లు, వెలుతురున్న నిశ్శబ్దమైన గది. ముఖం కెమెరాకి కనబడుతూనే ఉండాలి. మధ్యలో సిగ్నలు తెగితే ఆ రోజు హాజరు పోయినట్టే. ఇది రాసిన మహానుభావుడి గది ఎలా ఉంటుందో ఒకసారి చూడాలని ఉంది నాకు. మా వదిన గది లిఫ్టు.

వదిన, అంటే మా అన్నయ్య భార్య, ఒక ఆఫీసుల భవనంలో లిఫ్టు నడిపేది. అక్కడే నేను మెట్లు తుడుస్తాను. ఆరో ఫ్లోరు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం పడబోతోందనీ, డిగ్రీ కావాలనీ తెలిసింది. ఏళ్ళ తరబడి అందర్నీ మోసుకెళ్ళి ఆ గుమ్మం ముందు దింపిన మనిషి, ఒక్కసారి తనూ దిగి లోపలికెళ్ళి కూర్చోవాలని ఆశపడి, ఎప్పుడో ఆపేసిన డిగ్రీ ఆఖరి ఏడాదికి ఆన్‌లైన్‌లో చేరింది. అదేమన్నా గొంతెమ్మ కోరికా?

లిఫ్టు కదిలితే సిగ్నలు పోతుంది. కింద తలుపులు తెరిచి ఉన్నప్పుడే వస్తుంది. అలా ముక్కలు ముక్కలుగా పాఠాలు వింటూ చాలా హాజరు పోగొట్టుకుంది. ఒకరోజు సిగ్నలు బాగానే ఉండగా లెక్చరరు ఈవిడ పేరు పిలిచి ఏదో ప్రశ్న అడిగాడు. సరిగ్గా అప్పుడే ఎవరో లిఫ్టెక్కారు. ఈవిడ మైకు ఆన్ చేసి, అలవాటుగా, "ఎన్నో ఫ్లోరండీ?" అంది. క్లాసంతా పగలబడి నవ్విందట. లెక్చరరు "ఇదేమన్నా ఆటలనుకున్నావా?" అని క్లాసులోంచి తీసేశాడు. ఆ హాజరూ గోవిందా.

ఇక మిగిలింది ఆఖరి క్లాసు. అదీ పోతే పరీక్ష రాయనివ్వరు. ఆ రోజు వదిన లిఫ్టు కింద ఆపి, గుమ్మంలో స్టూలు అడ్డం పెట్టుకుని, ఫోను ఎదురుగా ఆనించి కూర్చుంది.

"మెట్లెక్కండి," అని అందరికీ నేనే చెప్పాను. ఎక్కారు. నా తడి మెట్ల మీద బూట్లు ఈడ్చుకుంటూ, నోటికొచ్చిన తిట్లు తిడుతూ ఎక్కారు. ఆరో ఫ్లోరు ఆఫీసరైతే ప్రతి మలుపులోనూ ఆగి రొప్పుతూ, "దీని సంగతి చూస్తాను," అన్నాడు. చూసుకో నాయనా, అనుకున్నాను.

భవనం మేనేజరు ఊగిపోతూ వచ్చాడు. "లెగమను దాన్ని! చెవుడా?"

"పాఠం వింటోంది సార్. ముఖం తిప్పకూడదట."

"పాఠాలు ఇంట్లో వినమను!"

"ఇంట్లో వింటే జీతం మీరిస్తారా?" అన్నాను. నా నోరు మంచిది కాదు, ఒప్పుకుంటాను.

వాడు వెనక నిలబడి అరుస్తూంటే లెక్చరరు మళ్ళీ వదిననే పిలిచాడు. వదిన మైకు ఆన్ చేసింది. అడిగినదానికి జవాబు చెప్పి, "నమస్కారమండీ," అంది. హాజరు పడింది. స్టూలు తీసేలోపే ఉద్యోగం పోయింది.

పరీక్ష రాసి పాసైంది. ఆరో ఫ్లోరుకి దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూకి పిలిచారు. గదిలో బల్ల వెనక ఎవరున్నారనుకున్నారు? ఆ రొప్పిన ఆఫీసరే. డిగ్రీ కాగితం ముట్టుకోనైనా లేదట.

"ఆ రోజు మమ్మల్ని మెట్లెక్కించింది నువ్వే కదూ?"

"అవునండీ," అంది వదిన. "ఎన్నో ఫ్లోరు దాకా ఎక్కారు?"

ఉద్యోగం రాలేదు. లిఫ్టులో ఇప్పుడు ఎవరి మీట వాళ్ళే నొక్కుకుంటున్నారు. అయినా ఇంటర్వ్యూ అయ్యాక వదిన అందులో అడుగు పెట్టలేదు. నేను అప్పుడే తుడిచిన మెట్ల మీదుగా, చెప్పులతోనే, ఆరు ఫ్లోర్లూ దిగి వచ్చింది. ఆవిడని మాత్రం నేనేమీ అనలేదు.